ఒకే స్లాబు కింద: మతం మారిన తల్లి, మారని ఇల్లు

"నా భార్యను మళ్ళీ మందిరానికి తీసుకురావాలి. మీరు చెబితే వింటుందని అన్నారు" అంటూ ఒకాయన సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ దాటి నరసాపురంలోని నా గదికి వచ్చారు. ప్లాస్టిక్ సంచిలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టారు: ఆమె పాస్‌పోర్టు జిరాక్సు, పెళ్ళి ధ్రువపత్రం, తెలుగులో అచ్చయిన నాలుగు ఇస్లాం పుస్తకాలు. దొంగసొత్తు పట్టుకున్న పోలీసులా ఆ నాలుగింటినీ వరసగా పేర్చారు.

కుటుంబ సలహాదారుగా నాకు ఇరవై రెండేళ్ల అనుభవం. మతం పేరుతో వచ్చిన తగాదాను విప్పి చూస్తే లోపల ఎక్కువసార్లు డబ్బు ఉంటుంది, లేదా అత్తగారు ఉంటారు. ఇదీ అలాంటిదే అనుకున్నాను. డబ్బు విషయంలో నా ఊహ సగం నిజమైంది. అత్తగారి విషయంలో పూర్తిగా తప్పింది.

కుటుంబం అనుమతితో రాస్తున్నాను. పేర్లు లేవు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఏడు నెలల్లో పదకొండు సిట్టింగులు జరిగాయి.

ఇల్లు

రాజోలు వైపు ఒక ఊరు. భర్త కొబ్బరి ఒలుపు పనితో మొదలుపెట్టి, ఇప్పుడు లోడు కట్టించే మేస్త్రీ అయ్యారు. ఊళ్ళో ఒక స్వతంత్ర సంఘంలో పెద్ద. భార్య ఆరేళ్లు కువైట్‌లో ఖద్దామా వీసా మీద ఇంటిపని చేసి వచ్చారు. కోనసీమలో ఇలాంటి ఇళ్ళు లేని వీధి తక్కువ. పెద్దమ్మాయికి సంబంధం కుదిరింది. చిన్నమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. భర్త తల్లి కూడా వాళ్లతోనే ఉంటారు.

ఆ ఆరేళ్ల దీనార్లతో తాటాకు ఇంటి స్థానంలో స్లాబు ఇల్లు లేచింది. ముందు గది పెద్దది. ప్రతి గురువారం సాయంత్రం అక్కడే సంఘం కూడిక.

తిరిగి వచ్చిన మూడో వారం ఆమె భర్తతో, కువైట్‌లో కలిమా చదివి ఇస్లాం తీసుకున్నానని చెప్పారు. ఆ రాత్రి నుంచి పడక వరండాలోకి మార్చుకున్నారు. ఆయన నా దగ్గరికి వచ్చేసరికి ఇదంతా జరిగి నాలుగు నెలలు.

నా తప్పు

ఆమెతో మొదటి సిట్టింగు మధ్యాహ్నం పెట్టాను. చీర, తల మీద కొంగు. కాసేపయ్యాక నమాజు వేళ అయిందని, ఒక మూల కావాలని అడిగారు. పడమటి గోడ వైపు తిరిగారు. ఆ గోడకు మా చర్చి క్యాలెండరు, దాని మీద పెద్ద అక్షరాల్లో వాక్యం. ఏళ్లుగా అది అక్కడే ఉంది, నాకు ఏనాడూ అడ్డం కాలేదు. ఆ రోజు తీసి సొరుగులో పెట్టాను. ఆమె వెళ్లాక మళ్ళీ తగిలించాను, నా గది కాబట్టి. కానీ వేరే గోడకు.

నేను లూథరన్ కుటుంబంలో పుట్టాను. మా నాయనమ్మ బైబిల్ స్త్రీ. ఈ డెల్టాలో బైబిల్ స్త్రీలంటే ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పినవాళ్లు. 1836లో వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దంపతుల నాటి నుంచి నరసాపురం, పాలకొల్లు పల్లెల్లో సువార్త కాలువగట్ల వెంట నడిచింది. వెనకే లేసు అల్లిక కూడా నడిచింది. మిషనరీలు నేర్పిన ఆ సూదిపని తర్వాత అన్ని కులాల ఆడవాళ్ల చేతుల్లోకీ వెళ్లింది. మా నాయనమ్మ సంచిలో ఒకవైపు దారం ఉండలు, మరోవైపు సువార్త కరపత్రాలు ఉండేవని మా ఇంట్లో గర్వంగా చెప్పుకుంటాం. ఈ సంగతి ఇక్కడ రాయడానికి కారణం ఉంది.

ఆ సిట్టింగులో నేను ఆమెను ఒకే ప్రశ్న నాలుగు రకాలుగా అడిగాను. ఎవరైనా బలవంతం చేశారా? సేఠ్ ఇంట్లో ఒత్తిడి ఉందా? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండేది? భయపడ్డారా? నాలుగోసారికి ఆమె నవ్వారు.

"మీకు కావలసిన జవాబు వచ్చేదాకా అడుగుతారా మేడం?"

సిగ్గుపడ్డాను. నోట్సులో ఆ మాట అలాగే రాసుకున్నాను. ఆమె స్వయంగా ఆలోచించి మారి ఉంటారని నా మనసు ఒప్పుకోవడం లేదు. అదే ఒక ముస్లిం స్త్రీ బాప్తిస్మం తీసుకుని వచ్చి నా ఎదుట కూర్చుంటే బలవంతం గురించి నాలుగుసార్లు అడిగేదాన్నా? అడిగేదాన్ని కాను.

తర్వాత ఆమె చెప్పినది విన్నాను. ఆ ఇంట్లో మంచం పట్టిన ముసలావిడ ఉండేవారు. నాలుగేళ్లు ఆమెకు స్నానం చేయించి, అన్నం తినిపించింది ఈమే. చివరి రోజుల్లో ఆ ముసలావిడకు సూరాలు, అంటే ఖురాన్ అధ్యాయాలు, గుర్తుండేవి కావు. ఫోనులో పెట్టి వినిపిస్తూ పక్కన కూర్చుని అందించేవారు. "అలా నాకే కంఠస్థమయ్యాయి. తర్వాత తెలుగు పుస్తకంలో అర్థం చదివాను. అక్కడ నా కులం ఎవరూ అడగలేదు. ఆవిడ నన్ను పక్కన నిలబెట్టుకుని నమాజు చేసేది, భుజం తగిలేది."

ఆ చివరి మాట ముందు నా ప్రశ్నలన్నీ తేలిపోయాయి. మా డెల్టా చర్చిల్లో ఏ పేటవాళ్లకు ఏ మందిరమో అందరికీ తెలుసు. అయితే ఒక మాట చెప్పక తప్పదు: ఇక్కడి ముస్లింలలోనూ సయ్యద్, షేక్, దూదేకుల అనే ఎంపికలు పెళ్ళి మాటల దగ్గర బయటపడతాయి. కులం అడగని ఆ ఇంట్లోనూ ఆమె పనిమనిషే.

కలిమా చదివాక ఆ ఇంటి యజమానురాలు ఆమెకు గొలుసు పెట్టారు, జీతం పది దీనార్లు పెంచారు. "ముందు కాదు మేడం, తర్వాత" అని ఆమె రెండుసార్లు అన్నారు. వద్దని ఉంటే ఏమయ్యేదని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "ఏమీ అయ్యేది కాదేమో... తెలియదు" అన్నారు. ఆ 'తెలియదు' కింద గీత గీశాను. దాన్ని బలవంతం అనలేం. పూర్తి స్వేచ్ఛ అనీ అనలేం. వీసా ఒకరి చేతిలో ఉన్న మనిషికి ఆ ఒకరి పిలుపు ఎంత తియ్యగా వినిపించినా, కాదంటే ఏమవుతుందో తెలియని పిలుపే.

వెంటనే నాయనమ్మ సంచి గుర్తొచ్చింది. వాక్యం వినకపోతే దారం దొరకదేమోనని ఏ ఇల్లాలైనా అనుకుందా? ఈ ప్రశ్నకు మా ఇంట్లో జవాబు చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు లేరు.

వంటింటి వేదాంతం

భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టిన మొదటి రోజు ఇద్దరూ శాస్త్రం మాట్లాడారు. సాధారణంగా నేను ఆపేస్తాను. ఈ కేసులో ఆపలేదు, ఎందుకంటే ఇద్దరికీ ఎదుటివాళ్ల మతం గురించి తెలిసినదంతా ఫోనులో చూసిన వాదోపవాదాల వీడియోల నుంచి వచ్చిందే.

భర్త ఫిర్యాదు, "యేసును వదిలేసింది." ఆమె జవాబు, "వదల్లేదు. దేవుని కుమారుడు అనడం వదిలాను." ఆయనకు ఇది మాటల గారడీలా అనిపించింది. నిజానికి రెండు మతాల మధ్య ఉన్న దగ్గరా దూరమూ ఆ రెండు వాక్యాల్లోనే ఉన్నాయి. ఖురాన్‌లో ఈసా, అంటే యేసు, పేరు ఇరవై అయిదు చోట్ల వస్తుంది. ఆయన కన్యకు పుట్టాడు, మసీహా, మళ్ళీ వస్తాడు అన్నవి ముస్లింలూ నమ్ముతారు. ఖురాన్‌లో పేరుతో కనిపించే ఒకే ఒక్క స్త్రీ ఆయన తల్లి మర్యమ్, 19వ సూరా ఆమె పేరు మీదే ఉంది. భర్తకు ఇవేవీ తెలియవు. మర్యమ్ సూరా తెలుగులో చదవమని ఇచ్చాను. ఖురాన్‌ను తొలిగా తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావు గారు ముస్లిం కాదని కూడా చెప్పాను. చదివినంత మాత్రాన మారిపోరని ఆయనకు ధైర్యం చెప్పాల్సి వచ్చింది మరి.

దూరం కూడా చిన్నది కాదు. దేవుడికి కుమారుడు లేడనేది ఇస్లాంకు పునాది. 'ముగ్గురు అనవద్దు' అని నాలుగో సూరా నేరుగా చెబుతుంది. ఈసాను సిలువ వేయలేదని, వాళ్లకు అలా అనిపించిందని అదే సూరా 157వ ఆయతు (వాక్యం) చెబుతుంది. క్రైస్తవుడికి సిలువ తీసేస్తే మిగిలేదేమీ లేదు. "సిలువ లేకపోతే నా పాపం ఎవరు మోశారు?" అని భర్త అడిగినప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికింది. "నా పాపం నేనే మోస్తాను, ఆయన క్షమిస్తాడు" అన్నారామె. కృప వల్ల రక్షణ అనే నమ్మకం ఒకవైపు. ఎవరి లెక్క వాళ్లదే, దాని పైన దేవుని కరుణ అనే నమ్మకం మరోవైపు. ఈ రెంటినీ 'అన్నీ ఒకటేనమ్మా' అని కలిపేయడం నాకు ఇష్టం ఉండదు. అలా అనడం ఇద్దరినీ చిన్నబుచ్చడమే. మా ఊళ్ళో శాంతి సమావేశాల్లో వేదిక మీదివాళ్లు అదే మాట అంటారు, కింద కూర్చున్న విశ్వాసులు మర్యాదకు చప్పట్లు కొడతారు.

ఈ తేడాలు తేల్చడం నా పని కాదు. నాకు కావలసింది వేరే: ఒకరి నమ్మకంలోకి మరొకరిని లాగే ప్రయత్నం ఈ ఇంట్లో ఎలా జరుగుతోంది?

గురువారం కూడిక

ఇది తేలడానికి నాలుగు సిట్టింగులు పట్టింది. గురువారం కూడికలో నలభై మంది వస్తారు. మైకులో 'తప్పిపోయిన గొర్రె' కోసం ప్రార్థన. పేరు చెప్పరు, కానీ వీధి చివరి పాక హోటలు దాకా అందరికీ తెలుసు. ఆ సమయంలో ఆ గొర్రె వంటింట్లో నలభై మందికి టీ కాస్తూ ఉంటుంది. "నా డబ్బుతో పోసిన స్లాబు కింద కూర్చుని, నా టీ తాగి, నేను నరకానికి పోతున్నానని ఏడుస్తున్నారు మేడం" అన్నారామె. భర్త మొహంలో ఆశ్చర్యం. అది ఆయనకు ప్రేమ, ఆమెకు పంచాయతీ.

సంఘం ఇంకో మెలిక కూడా పెట్టింది. తల్లి తిరిగి వచ్చి అందరి ముందు ఒప్పుకుంటే తప్ప పెద్దమ్మాయి పెళ్ళి జరిపించేది లేదని పాస్టరు గారు భర్తకు చెప్పారు. ఆ సంగతి భర్త నాకు చెప్పలేదు. పెద్దమ్మాయి ఫోను చేసి చెప్పింది.

ఇక్కడిదాకా చదివి ఆమె పక్షం వహించబోయేవాళ్లు కాస్త ఆగాలి. చిన్నమ్మాయితో మాట్లాడినప్పుడు మరో సగం బయటపడింది. తల్లి ఆమెకు రాత్రిపూట సూరాలు నేర్పుతున్నారు. రంజాన్ ఉపవాసాలు పది ఉంటే కొత్త ఫోను కొంటానని మాటిచ్చారు. నాన్నకు చెప్పవద్దన్నారు. ఆ పిల్ల భయం ఇంకోలా ఉంది: తన కుల ధ్రువపత్రంలో బి.సి.-సి అని ఉంది. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకు రాష్ట్రంలో ఉన్న ఒక్క శాతం కోటా అది. మతం మారితే ఇంజినీరింగ్ సీటు ఏమవుతుందోనని దిగులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవానికైనా ఇస్లాంకైనా వెళితే ఎస్సీ హోదా ఉండదు. పాత హోదా పోయాక తాతలు చేరిన కొత్త గడిలో ఈ పిల్ల పుట్టింది, ఇప్పుడు దాన్నీ వదులుకోవాలా అన్నది ప్రశ్న. పదిహేడేళ్ల పిల్ల రాత్రిళ్లు ఇవన్నీ లెక్క వేసుకుంటోంది.

తల్లికి ఇది చెప్పినప్పుడు, "నేను ప్రేమతోనే చెబుతున్నాను" అన్నారు. భర్త మాటే, అక్షరం తేడా లేదు.

పెద్దావిడ

అత్తగారిని పిలవడానికి నేను తటపటాయించాను. కొడుకు పక్షం తప్ప ఇంకేం మాట్లాడతారు అనుకున్నాను. ఆవిడ పంటు దిగి కర్ర పట్టుకుని వచ్చి, మంచినీళ్లు తాగి, కొడుకు వైపు తిరిగి మొదలుపెట్టారు.

"మీ తాత కాలువలో మునిగి బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఆసామి పనిలోకి రానివ్వలేదురా. రెండు పంటలు గంజి తాగారు. ఆయన మనసుకు నచ్చిన చోటికి పోనివ్వలేదనే కదా ఇప్పటికీ చెప్పుకుని ఏడుస్తాం. ఇప్పుడు నువ్వు ఆసామివా?"

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత నాతో అన్నారు, "చూడమ్మాయ్, మన వైపు విందులో కొసరి కొసరి వడ్డిస్తాం. అతిథి విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు. ఒకసారి పెడితే మొహమాటం, రెండోసారి కూడా వడ్డించవచ్చు. మూడోసారీ చెయ్యి తియ్యకపోతే, ఆ చేతి మీద కూర పోస్తామా?"

పక్కనే ఉన్న కోడలు తల ఊపారు. పెద్దావిడ ఆమె వైపూ తిరిగారు. "నువ్వు ఊపకు. పిల్ల విస్తరిలో నువ్వు చాటుగా వడ్డిస్తున్నావు."

నేను ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేదు. ఫీజు తీసుకోవడానికి కూడా మొహం చెల్లలేదు.

పాస్టరు గారు, మౌల్వీ గారు

ఇద్దరినీ విడివిడిగా కలిశాను, కలిపి కాదు. కలిపితే గదిలోకి వీడియోలు వస్తాయి. ఇద్దరినీ మూడు సంగతులు అడిగాను. మీ పిలుపును కాదన్నవాళ్లకు మీ దగ్గర దొరికేది ఏదైనా ఆగిపోతుందా? మీరు ఎదుటివాళ్లకు చేసేదే వాళ్లు మీవాళ్లకు చేస్తే ఒప్పుకుంటారా? చేరినవాళ్లు తిరిగి వెళతామంటే?

పాస్టరు గారు మత్తయి 28వ అధ్యాయం ఎత్తారు: "కాబట్టి మీరు వెళ్లి, సమస్త జనులను శిష్యులనుగా చేయుడి." అది ఆజ్ఞ, ఐచ్ఛికం కాదన్నారు. ఒప్పుకున్నాను. క్రైస్తవుణ్ణి సువార్త చెప్పవద్దనడం అతని మతాన్ని సగం వదిలేయమనడమే. ఇస్లాంలోనూ దావత్ అంతే, పిలవడం బాధ్యత. ఎవరినీ పిలవని సంప్రదాయాలు వేరు. పిఠాపురంలో ఉమర్ ఆలీషా గారి పీఠానికి వెళ్లే హిందువులను ఎవరూ మతం మారమనరు. కానీ అందరూ అలాగే ఉండాలని నేను శాసించలేను.

"ఆయన వెళ్లమన్నాడు, ఒప్పుకుంటాను. పెళ్ళి ఆపమన్నాడా అయ్యగారూ?" అని అడిగాను. ఆయన క్రమశిక్షణ అన్నారు. మిషను బడులు, ఆసుపత్రుల గురించి చెప్పారు, సేవ తలుపు తెరుస్తుందన్నారు. కాటన్ దొర కూడా గట్టి విశ్వాసే, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు, ఆ నీళ్లు పారిన పొలాల రైతులను బాప్తిస్మం అడగలేదు, అందుకే పుష్కరాల్లో బ్రాహ్మలు సంకల్పంలో ఆయన్ను తలుచుకుంటారు అన్నాను. ఆయన నవ్వారు, కొంచెం ఇబ్బందిగా. 2011లో వాటికన్, ప్రపంచ చర్చిల మండలి, ఇవాంజెలికల్ కూటమి కలిసి సాక్ష్యం పద్ధతి మీద పత్రం తెచ్చాయని, పేదరికాన్ని వాడుకోవడాన్ని, ప్రలోభాలను అది తప్పుపడుతుందని చెప్పాను. "మా సంఘం వాటిలో దేనిలోనూ లేదమ్మా" అన్నారు. అదీ నిజమే.

ఆయన్ను కదిలించింది ఆ పత్రం కాదు, ఆయన సంఘం పద్ధతే. పసిపిల్లలకు మీరు బాప్తిస్మం ఎందుకివ్వరు అని అడిగాను. "తెలిసి, ఒప్పుకుని తీసుకోవాలి కదా." "తల్లి పశ్చాత్తాపం మాత్రం కూతురి పెళ్ళి తాకట్టు పెట్టి తీసుకోవచ్చా?" ఆయన జవాబు చెప్పలేదు. రెండు వారాల తర్వాత పెళ్ళి జరిపిస్తానని కబురు పంపారు.

మౌల్వీ గారు వయసులో చిన్నవారు, మాట నెమ్మది. "మా జమాత్ వాళ్లు తిరిగేది ముస్లింల ఇళ్లకే, నమాజుకు రమ్మని. మీ ఊళ్ళో కరపత్రాలు పంచేది మేం కాదు" అన్నారు. కోనసీమ వరకు నిజం. అయితే కువైట్‌లో తారుమారు: అక్కడ తెలుగు క్రైస్తవులు శుక్రవారం సెలవు పూట కూడికలు పెట్టుకోవచ్చు కానీ, ముస్లింలకు సువార్త చెప్పడం చట్టం ఒప్పుకోదు. ఇస్లాం పుస్తకం మాత్రం పనిమనిషి దాకా వస్తుంది. రెండో ప్రశ్న దగ్గర నేను ఇది ఎత్తాను. "అది న్యాయం అనలేను" అన్నారు, కాసేపటికి.

మూడో ప్రశ్న ఆయనకు కష్టమైనది. 'ధర్మంలో బలవంతం లేదు' అనే 2:256 ఆయతును అందరూ ఉటంకిస్తారు. మతం వదిలినవాడికి మరణశిక్ష చెప్పిన పాత ఫిఖ్ (ఇస్లాం ధర్మశాస్త్ర) గ్రంథాలనూ ఎవరూ దాచలేరు. నేటి పండితుల్లో చాలామంది ఆ ఆయతునే చూపి దాన్ని కాదంటున్నారు. నేను ఆయన్ను మూలకు నెట్టలేదు, ఎందుకంటే మా వైపు గది కూడా శుభ్రంగా లేదు. 1502లో కాస్టీల్ రాణి ముస్లింలకు ఇచ్చిన అవకాశం బాప్తిస్మమో, దేశం విడిచిపోవడమో. గోవాలో మత విచారణ సభ 1560లో మొదలై 1812 దాకా, మధ్యలో కొద్ది విరామంతో నడిచింది. మౌల్వీ గారు చివరకు అన్నది: "ఆ అమ్మ తిరిగి వెళితే నేను బాధపడతాను. దువా చేస్తాను. ఆమె ఇంటికి మాత్రం వెళ్లను." నాకు అది చాలు.

వరండా

వరండా పడక సంగతి మౌల్వీ గారితోనే తేలాలి. ముస్లిం స్త్రీ, ముస్లిం కాని భర్త: పాత ఫిఖ్‌లో ఎక్కువమంది ఈ వివాహం నిలవదంటారు. ఎవరో ఫోను గ్రూపులో ఆమెకు అదే చెప్పి, భర్త పక్కన పడుకుంటే పాపమని భయపెట్టారు. 2001లో యూరప్‌లోని ఫత్వా మండలి, తర్వాత ఇస్లాంలోకి వచ్చిన భార్య కాపురం కొనసాగించవచ్చన్న అభిప్రాయాన్ని కూడా తన తీర్మానంలో చేర్చింది. మౌల్వీ గారు దానితో ఏకీభవించలేదు. కానీ అభిప్రాయభేదం ఉందని ఆమెకు నిజాయితీగా చెప్పారు.

భర్తకు చట్టం వేరే తలుపు చూపింది. క్రైస్తవ వివాహాలకు వర్తించే విడాకుల చట్టంలో భార్యో భర్తో మతం మారడం ఒక కారణం. అంటే కావాలంటే ఆయన కోర్టుకు వెళ్లవచ్చు. మారినంత మాత్రాన పెళ్ళి దానంతట అదే రద్దు కాదు. 1946లో బొంబాయి హైకోర్టు ఒక జొరాస్ట్రియన్ దంపతుల కేసులో, ఇస్లాం తీసుకున్న భార్య వాదన కాదని, ఈ మాటే చెప్పింది. వకీలు ఇదంతా వివరించాక భర్త ఒక్క మాటే అన్నారు. "విడాకులకు నేను రాలేదు మేడం. ఆమె ఇంట్లోనే ఉంది కదా."

పోలీసు కేసు పెడదామన్న బంధువులూ ఉన్నారు. మన రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచారానికి హక్కు ఇస్తుంది. ఎదుటివాణ్ణి మార్చే హక్కు అందులో లేదని స్టెనిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. దీన్ని కొందరు ఎదుటివాడికి మారే హక్కే లేదన్నట్లు చదువుతారు. ఆ తీర్పు నిలబెట్టినవి మధ్యప్రదేశ్, ఒరిస్సా చట్టాలు. ఆంధ్రలో ఉన్నది 2007 నాటి చట్టం, నోటిఫై చేసిన ప్రార్థనా స్థలాల్లో అన్యమత ప్రచారాన్ని మాత్రమే అది నిషేధిస్తుంది. పెద్దవయసు స్త్రీ తనకు తాను తీసుకున్న నిర్ణయం మీద పెట్టడానికి కేసేమీ లేదు.

కాగితం మీద

తొమ్మిదో సిట్టింగులో తెల్లకాగితం మీద ఒప్పందం రాశాం. కూడిక మందిరానికి మారింది. నెలకోసారి ఇంట్లో పెట్టుకోవచ్చు, మైకు లేకుండా, ఆమె ప్రస్తావన లేకుండా. ఇంట్లో ప్రార్థించేవాళ్లకు ఆమె టీ కాయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. మాంసం ఏ దుకాణం నుంచి రావాలన్నది అయిదు నిమిషాల్లో తెగింది. కటికవాని అంగడిలో అమ్మేది ఏదైనా అడగకుండా తినవచ్చని పౌలు రాశాడని భర్తే గుర్తు చేశారు. పెళ్ళిలో తల్లి ముందు వరసలో కూర్చుంటారు, ఆమెను ఏమీ పలకమని అడగరు.

చిన్నమ్మాయి దగ్గర ఆగిపోయాం. ఫోను బహుమతి లేదు, చాటు పాఠాలు లేవు అన్న షరతుకు తల్లి ఏడుస్తూ ఒప్పుకున్నారు. అదే షరతు తనకూ వర్తిస్తుందని భర్త ఊహించలేదు. "నా కూతుర్ని ఆదివారం మందిరానికి తీసుకెళ్లడం కూడా మతమార్పిడేనా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. పుట్టినప్పటి నుంచి పెంచిన అలవాటు వేరు, కొత్తగా తెచ్చిన పిలుపు వేరు. కానీ ఆ పిల్లకు అమ్మ మీద కోపంతో మందిరానికి తీసుకెళుతున్న నాన్న కనిపిస్తున్నారు. చివరికి రాసుకున్నది: పిల్ల వస్తానంటే తీసుకెళ్లాలి, రానంటే ఇంట్లో ఉంచాలి, రెంటికీ అన్నం ఒకేలా పెట్టాలి. ఆ అన్నం మాట పెద్దావిడది.

ఒక గడి మాత్రం నింపలేకపోయాం. ఆమె పోతే ఎక్కడ పూడ్చాలి? క్రైస్తవుల సమాధుల తోట కాలువగట్టు మీద ఉంది. వరద వస్తే నీళ్లు నిలుస్తాయి, ఉన్నవాళ్లకే చోటు లేదు. దగ్గరి ఖబరస్తాన్ పదిహేను కిలోమీటర్లు. ఆమెకు జనాజా నమాజు కావాలి. భర్త తన పక్కన చోటు ఉండాలంటారు. స్వర్గం గురించి ఇంత గొడవ పడని మనుషులు ఆరడుగుల నేల దగ్గర ఒకరి మొహం ఒకరు చూడలేకపోయారు. ఆ రోజు అంతటితో ముగించాను.

తర్వాత

పెళ్ళి జరిగింది. తల్లి ముందు వరసలోనే కూర్చున్నారు. వరుడి వైపు ఇద్దరు ముగ్గురు లేచి వెనక్కి వెళ్లారట. వరండా పడక మారలేదు. భర్త దీనికి అలవాటు పడ్డారని రాయలేను, ఆయన పడలేదు. గురువారం మైకు మోత లేదు కానీ, ఆయన ఒంటరిగా ఆమె కోసం ప్రార్థిస్తారు. దాన్ని ఆపమని ఆమె కూడా అడగలేదు. రంజాన్ నెలలో తెల్లవారుజాము సహరీ భోజనానికి లేపేది ఆయన ఫోను అలారమేనట, ఆమె ఫోను పాడైంది కాబట్టి. అందులో పెద్ద అర్థాలు వెతకవద్దని ఆయనే నాకు చెప్పారు.

ఫైలు మూసిన రెండు నెలలకు చిన్నమ్మాయి ఒక్కతే పంటు దాటి వచ్చింది. పద్దెనిమిది నిండిన వారం అది. నా చర్చి క్యాలెండరు వైపు ఒకసారి చూసి, తలుపు వేయమంది. గంటన్నర మాట్లాడుకున్నాం. ఆమె ఏం అడిగిందో, ఏ వైపు మొగ్గుతోందో ఇంట్లో తెలియకూడదంది. నేను దాన్ని నోట్సులో కూడా రాయలేదు.